ఓడ టికెట్టు ఎవరి దగ్గర కొనాలి?



ఓడెక్కి నాలుగు రోజులు సముద్రం మీద గడిపి రావాలన్న కోరిక ఇప్పుడు మన ఇళ్లలోకి కూడా వచ్చింది. 2022 జూన్‌లో కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ అనే విహార నౌక విశాఖపట్నం వచ్చింది. ఇక్కడి నుంచి ప్రయాణికుల్ని ఎక్కించుకుని చెన్నై వైపు వెళ్లింది. ఆ మరుసటి ఏడాది, 2023 సెప్టెంబరులో, విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. సింగపూర్ వెళ్లేవాళ్లు ఆ ప్రయాణానికి మూడు నాలుగు రాత్రుల క్రూజ్ కూడా కలుపుకుంటున్నారు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఎండాకాలంలో అక్కడికి వెళ్తే అలాస్కా చూసి వస్తున్నారు.

అప్పుడు ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. టికెట్టు నేరుగా ఓడ కంపెనీ దగ్గర కొనాలా? ట్రావెల్ ఏజెంటు దగ్గర కొనాలా? చాలామంది దీన్ని ధరతో తేల్చేస్తారు. ఎవరు తక్కువ చెప్తే వాళ్ల దగ్గర కొనేస్తారు.

ఈరోజు నేను మీకు చెప్పదల్చుకున్నది ఒక్కటే మాట. ధర తర్వాత చూడండి. ముందు, బుకింగ్ ఎవరి చేతిలో ఉంటుందో చూడండి. బుకింగ్ ఎవరి చేతిలో ఉంటే, మార్పులు చేర్పులు కూడా వాళ్ల చేతిలోనే ఉంటాయి.

ఇంట్లో పెళ్లి అనుకోండి. వంటమేస్త్రితో మీరే మాట్లాడుకున్నారు. పెళ్లిరోజు పొద్దున్నే ఫోనొచ్చింది. మగపెళ్లివారి తరఫున ఇంకో యాభై మంది వస్తున్నారట. మీరు తిన్నగా వంటల దగ్గరికి వెళ్లి మేస్త్రికి చెప్తారు. ఇంకో బియ్యం బస్తా విప్పుతారు. పని అయిపోతుంది. కానీ ఆ బియ్యం, ఆ కూరగాయలు, గ్యాసు, విస్తళ్లు, వడ్డించే మనుషులు, అవన్నీ చూసుకోవాల్సింది మీరే.

అదే, భోజనాలు మొత్తం ఒక కాంట్రాక్టరుకి అప్పగించారనుకోండి. ఈ తలనొప్పులేవీ మీకుండవు. కానీ యాభై మంది పెరిగారని మేస్త్రికి చెప్తే, "మా ఓనరు గారితో చెప్పండి సార్" అంటాడు. అందులో అతని తప్పేం లేదు. అతనికి చెప్పాల్సింది ఆ ఓనరే. ఇప్పుడు ఆ ఓనరు ఫోనెత్తే మనిషైతే మీకు నిశ్చింత. ఎత్తని మనిషైతే ఆ పూటంతా మీకు కంగారు.

ఓడ టికెట్టు సంగతీ అంతే. నేరుగా కొంటే పని మీది, పట్టూ మీది. ఏజెంటు ద్వారా కొంటే పని ఆయనది, పట్టూ ఆయనదే.

ముందు ధర సంగతి చెప్పేస్తాను. మధ్యలో ఏజెంటు ఉంటే ఆయన లాభం మన నెత్తిన పడుతుందని మనలో చాలామందికి అనుమానం. పెద్ద క్రూజ్ కంపెనీల విషయంలో సాధారణంగా అలా జరగదు. ఏజెంటుకి కమీషన్ ఇచ్చేది ఓడ కంపెనీ. అది అసలు టికెట్టు ధర మీద సుమారు 10 శాతం నుంచి 16 శాతం దాకా ఉంటుంది. పోర్టు రుసుముల మీద, పన్నుల మీద కమీషన్ ఉండదు. మీరు నేరుగా కొన్నంత మాత్రాన ఆ కమీషన్ మీకు తగ్గించి ఇవ్వరు. చాలాసార్లు రెండు చోట్లా ఒకటే ధర.

కొందరు ఏజెంట్లు తమ కమీషన్లోంచి కొంత మనకి వదులుకుంటారు. దాన్ని ఎక్కువగా ఆన్‌బోర్డ్ క్రెడిట్ రూపంలో ఇస్తారు. అంటే ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి మీ ఖాతాలో కొంత డబ్బు వేస్తారు. కొందరు ముందుగానే కొన్ని గదులు గుంపుగా తీసిపెట్టుకుని కాస్త తక్కువకి ఇస్తారు. కొందరు మాత్రం పైన సర్వీసు చార్జీ అని వేస్తారు. అది ముందే అడగండి.

ఇక్కడే ఇంకో మాట. ఏజెంటుకి వచ్చేదే ఆ కొద్ది శాతం. అలాంటప్పుడు కంపెనీ వెబ్‌సైట్లో లక్ష రూపాయలున్న గదిని ఎవరైనా అరవై వేలకే ఇస్తానంటే సంతోషించకండి. అనుమానించండి.

ధరలు పోల్చేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. ఒక ప్రకటన తీసుకుని చూద్దాం. ఏడు రాత్రుల ప్రయాణం, మనిషికి 600 డాలర్లని పెద్ద అక్షరాల్లో ఉందనుకుందాం. అది సాధారణంగా కిటికీ లేని లోపలి గది ధర. పైగా గదిలో ఇద్దరుంటేనే ఆ ధర. ఒక్కరే వెళ్తే ఇంచుమించు ఇద్దరి డబ్బూ కట్టాల్సి వస్తుంది. ఒంటరిగా ఉన్న అమ్మనో, పెద్దమ్మనో పంపించేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

దానికి పోర్టు రుసుములు, పన్నులు కలుస్తాయి. తర్వాత సిబ్బందికి ఇచ్చే టిప్పులు. అమెరికా నుంచి నడిచే పెద్ద ఓడల్లో ఇవి మన ఇష్టానికి వదిలెయ్యరు. మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా మన ఖాతాలో రాసేస్తారు. 17 డాలర్లే అనుకున్నా, ఇద్దరికి ఏడు రాత్రులకి 238 డాలర్లు. మన డబ్బుల్లో లెక్కేసుకుంటే చిన్న మొత్తమేం కాదు. ఆపైన వైఫై వేరు, కూల్‌డ్రింకులు వేరు. ఓడ ఆగిన ఊళ్లో తిప్పి చూపించే బస్సు ఖర్చు వేరు. ప్రయాణ బీమా వేరు.

అందుకని కంపెనీ 600 చెప్పి, ఏజెంటు 850 చెప్తే, ఆ రెండంకెల్నీ పక్కపక్కన పెట్టి తేల్చేయకండి. ఆ 850లో పన్నులు, టిప్పులు కలిసి ఉండొచ్చు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి. "ఓడ దిగి ఇంటికొచ్చేసరికి మొత్తం ఎంతవుతుంది?" ఆ చివరి అంకెల్ని పోల్చండి.

మన దేశంలో విదేశీ యాత్ర ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని కొంత పన్ను వసూలు చేస్తారు. అది చూసి కంగారు పడొద్దు. అది మీ పాన్ నంబరు మీద జమ అవుతుంది. ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వెనక్కి తీసుకోవచ్చు. నేరుగా విదేశీ కంపెనీకి కార్డుతో కడితే బ్యాంకు విదేశీ మారకం చార్జీ వేస్తుంది. రెండు దారుల్లోనూ ఇలాంటివి ఉంటాయి కాబట్టి వాటిని కూడా కలిపే లెక్క చూసుకోవాలి.

సరే, ధర ఇంచుమించు సమానమనుకుందాం. అప్పుడు అసలు తేడా ఎక్కడుంది? మార్పు వచ్చినప్పుడుంది.

ఒక కుటుంబం ఏజెంటు ద్వారా క్రూజ్ బుక్ చేసుకుందనుకోండి. ప్రయాణం ఇంకా నాలుగు నెలలుంది. అబ్బాయి పరీక్షల తేదీలు మారాయి. శనివారం సాయంత్రం తండ్రి ఏజెంటుకి ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఆఫీసు కట్టేశారు. సరేనని ఓడ కంపెనీకే ఫోన్ చేశారు. అవతలి అమ్మాయి బుకింగ్ నంబరు అడిగింది, పేరు అడిగింది. అన్నీ సరిపోయాయి. ఆఖరికి మర్యాదగా ఏం చెప్పింది? "సార్, ఈ బుకింగ్ మీ ట్రావెల్ ఏజెంటు పేరు మీద ఉంది. మార్పులు వారే చేయించాలి. మేం చేయలేం."

ఆయనకి కోపం వచ్చింది. డబ్బు నాది, పేరు నాది, ప్రయాణం నాది, నా మాట వినరా అని. కానీ చాలా పెద్ద కంపెనీల్లో నియమం అదే. ఓడ ఎక్కేదాకా ఆ బుకింగ్ వ్యవహారం ఏజెంటుతోనే. ఎక్కిన తర్వాత మీరు ఓడ సిబ్బందితో నేరుగా మాట్లాడుకోవచ్చు.

ఇందులో ఏజెంటు తప్పు ఉందా? ఫోన్ ఎత్తే వేళలు ముందే చెప్పి ఉంటే లేదు. అత్యవసరానికి ఇంకో నంబరు ఇచ్చి ఉంటే ఈ బాధే లేదు. కాబట్టి ఏజెంటుని ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు అడగాల్సిన మాట ఇది. "సెలవు రోజున పని పడితే ఎవరికి ఫోన్ చెయ్యాలండీ?"

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. నేరుగా బుక్ చేసుకున్నవాళ్లు రాత్రి పన్నెండింటికైనా వెబ్‌సైట్ తెరిచి ఏ గదులు ఖాళీగా ఉన్నాయో చూసుకోవచ్చు. తేదీ మార్చుకోవచ్చు. రద్దు చేస్తే రావాల్సిన డబ్బు తిన్నగా తమ కార్డుకే వస్తుంది. ఏజెంటు ద్వారా అయితే అది ఆయన ఖాతా మీదుగా రావచ్చు, ఆలస్యం కావచ్చు.

కానీ గడువులు గుర్తు పెట్టుకోవాల్సింది కూడా వాళ్లే. పెద్ద కంపెనీలు ముందు కొంత అడ్వాన్సు తీసుకుంటాయి. మిగతాది ప్రయాణానికి సుమారు మూడు నెలల ముందు కట్టమంటాయి. ఆ గడువు చాలా ముఖ్యం. అది దాటకముందు రద్దు చేసుకుంటే పెద్దగా నష్టం ఉండదు, అడ్వాన్సు వెనక్కి రాదని ముందే రాసి ఉంటే తప్ప. అది దాటాక ఒక్కో వారం గడిచేకొద్దీ వెనక్కి వచ్చే డబ్బు తగ్గిపోతుంది. చివరి రెండు వారాల్లో సాధారణంగా ఏమీ రాదు.

ఇంకో లాభం కూడా ఆ గడువుతోనే ముడిపడి ఉంది. మీరు అడ్వాన్సు కట్టాక అదే గది ధర తగ్గిందనుకోండి. పూర్తి డబ్బు కట్టే గడువు దాటకపోతే, తగ్గిన ధర నాకూ ఇవ్వండని అడగొచ్చు. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. కానీ అడిగితేనే. మీకు మీరుగా వెతుక్కుని అడుగుతారా? లేక మీ కోసం కనిపెట్టుకుని ఉండే ఏజెంటు కావాలా? మీ ఓపికని బట్టి, తీరికని బట్టి తేల్చుకోండి.

ఇక ఏజెంటు అసలు విలువ ఎక్కడ కనిపిస్తుందో చెప్తాను. వీసాల దగ్గర.

డల్లాస్‌లో ఉన్న కూతురు ఫోన్ చేసిందనుకోండి. "అమ్మా, మీరు వచ్చాక అలాస్కా వెళ్దాం. సియాటిల్ నుంచి ఓడ. నేనే ఆన్‌లైన్లో బుక్ చేసేశాను. అంతా అమెరికాలోనే కదా, మీకున్న వీసా చాలు." ఆ అమ్మాయి ప్రేమకి లోటు లేదు. కానీ అక్కడొక చిక్కుంది. అమెరికాలో 1886 నాటి ఒక చట్టం ఉంది. దాని ప్రకారం వేరే దేశపు జెండాతో నడిచే ఓడ, మధ్యలో ఇంకో దేశపు రేవులో ఆగకుండా అమెరికా నుంచి బయలుదేరి అమెరికాకే తిరిగి చేరే ఇలాంటి విహారం నడపకూడదు. పెద్ద విహార నౌకల్లో చాలావరకు వేరే దేశాల జెండాలతోనే నడుస్తాయి. అందుకే సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడలు కెనడాలో, ఎక్కువగా విక్టోరియా అనే ఊళ్లో, కొన్ని గంటలు ఆగుతాయి. మన పాస్‌పోర్టు ఉన్న తల్లిదండ్రులకి కెనడా వీసా ఉండాలి. "మేం ఓడ దిగం, లోపలే కూర్చుంటాం" అన్నా కుదరదు. వీసా లేకపోతే సియాటిల్లోనే ఓడ ఎక్కనివ్వరు. ఎక్కనివ్వకపోతే డబ్బు కూడా తిరిగి రాదు. పత్రాలు సరిచూసుకునే బాధ్యత ప్రయాణికుడిదే అని ప్రతి కంపెనీ ఒప్పందంలోనూ రాసి ఉంటుంది.

సింగపూర్ సంగతి చూడండి. ఓడ సింగపూర్‌లో బయలుదేరుతుంది. మలేసియాలో పెనాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ చూపిస్తుంది. మళ్లీ సింగపూర్ వస్తుంది. అంటే మీరు సింగపూర్‌లోకి రెండుసార్లు అడుగుపెడుతున్నారు. మీ వీసా ఒకసారి కన్నా ఎక్కువ సార్లు లోపలికి రానిచ్చేదేనా కాదా, అది చూసుకోవాలి. ఓడ ఆగే మిగతా దేశాల నిబంధనలు కూడా ఆ నెలలో ఎలా ఉన్నాయో చూసుకోవాలి. అవి తరచూ మారుతుంటాయి.

ఇవన్నీ మంచి ఏజెంటుకి కంఠతా వచ్చి ఉంటాయి. అసలు మంచి ఏజెంటుని గుర్తుపట్టడం ఎలాగో తెలుసా? మీరు ధర అడగ్గానే ఆయన అంకె చెప్పడు. ముందు మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాడు. పాస్‌పోర్టులు ఏ దేశానివి? ఇంట్లో ఎవరైనా గర్భిణులున్నారా? ఎందుకంటే ప్రయాణంలో 24 వారాలు నిండేవాళ్లని చాలా కంపెనీలు తీసుకోవు. పసిబిడ్డ వయసెంత? ఆరు నెలలు నిండని బిడ్డని చాలా ఓడలు ఎక్కించుకోవు. నాన్నగారు మెట్లెక్కగలరా, చక్రాల కుర్చీ కావాలా? కుర్చీ తిరిగేంత వెడల్పు తలుపులున్న గదులు ఓడలో కొద్దిగానే ఉంటాయి, ముందే తీసిపెట్టాలి. ఇంట్లో ఉల్లి వెల్లుల్లి తినని పెద్దలున్నారా? ఇలా అడిగే మనిషి దొరికితే ఆయన చేతిలో బుకింగ్ పెట్టడానికి వెనకాడకండి. ఏమీ అడక్కుండా "రేపటికల్లా డబ్బు వేసేయండి, ఆఫర్ అయిపోతోంది" అనే మనిషి దగ్గర కొనడం కన్నా నేరుగా కొనుక్కోవడం నయం.

అయితే ఒక విషయం. ఏజెంటు మన వీధిలోనే ఉన్నా, ఓడ కంపెనీ షరతులు మాత్రం మారవు. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఇందుకు సాక్ష్యం. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతులు తమ దగ్గర్లోని ట్రావెల్ ఏజెంటు ద్వారా కార్నివాల్ కంపెనీ టికెట్లు కొన్నారు. లాస్ ఏంజెలెస్‌లో ఓడెక్కి మెక్సికో వెళ్తున్నారు. ఓడలో వంటశాల చూపిస్తుండగా ఆవిడ కాలు జారి పడి దెబ్బలు తగిలాయి. తమ రాష్ట్రంలోనే దావా వేశారు. కానీ టికెట్టు మీద చిన్న అక్షరాల్లో ఒక షరతుంది. ఏ తగాదా వచ్చినా ఫ్లోరిడా కోర్టులకే రావాలని. దేశానికి ఈ మూల వాషింగ్టన్, ఆ మూల ఫ్లోరిడా. అయినా ఆ షరతు చెల్లుతుందనే సుప్రీంకోర్టు చెప్పింది.

రేవులు మార్చే హక్కు కూడా ఆ షరతుల్లోనే ఉంటుంది. 2022లో విశాఖ నుంచి బయలుదేరిన ఆ ఓడ సంగతే చూడండి. పుదుచ్చేరిలో ఆగాలని కార్యక్రమం. అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో ఆ తొలి ప్రయాణంలో అక్కడ ఆగలేకపోయింది. తుఫాను వచ్చినా, అనుమతి రాకపోయినా ఓడ దారి మారుతుంది. నేరుగా కొన్నా, ఏజెంటు ద్వారా కొన్నా దాన్ని ఆపలేం. కాబట్టి ఏ దారిలో కొన్నా షరతులు ఒకసారి చదవండి. కళ్లు కనపడని పెద్దలకి ఇంట్లో పిల్లలు చదివి వినిపించండి.

మన దగ్గర ఏజెంటు సేవలో లోపం జరిగితే మాత్రం మనకొక బలం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. మళ్లీ చెప్తున్నాను, 1915. కానీ ఫిర్యాదు నిలబడాలంటే చేతిలో రసీదు ఉండాలి. అందుకే డబ్బు ఎప్పుడూ సంస్థ ఖాతాకే వేయండి. ఎవరిదో సొంత ఫోన్ నంబరుకి యూపీఐలో పంపకండి. జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. ఆ నంబరు నిజమైనదో కాదో జీఎస్టీ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు.

అడ్వాన్సు కట్టిన ఒకటి రెండు రోజుల్లో ఒక పని తప్పకుండా చేయండి. ఏజెంటు దగ్గర ఓడ కంపెనీ ఇచ్చిన బుకింగ్ నంబరు తీసుకోండి. ఏజెంటు సొంత రసీదు నంబరు కాదు, ఓడ కంపెనీ నంబరు. కంపెనీ వెబ్‌సైట్లో ఆ నంబరు, మీ ఇంటిపేరు, ప్రయాణ తేదీ కొట్టండి. మీ గది, మీ పేర్లు కనపడాలి. పేర్లలో అక్షరాలు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లు పొడవుగా ఉంటాయి కాబట్టి తప్పులు ఎక్కువగా అక్కడే దొర్లుతాయి. ఏమీ కనపడకపోతే ఆ రోజే అడగండి. ప్రయాణం ముంచుకొచ్చాక అడిగితే లాభం లేదు.

ఇంతకీ ఏ దారి మంచిది? మీ ప్రయాణం ఎంత చిక్కుగా ఉందో చూసి చెప్పొచ్చు. విశాఖలోనో చెన్నైలోనో ఓడెక్కి మన దేశంలోనే తిరిగొచ్చే ఇద్దరు దంపతులున్నారనుకోండి. వీసా లేదు. విమానం లేదు. ఒకటే గది. ఆన్‌లైన్లో రైలు టికెట్టు తీసుకునే అలవాటుంది. వాళ్లు నేరుగా కొనుక్కోవచ్చు. పట్టు తమ చేతిలోనే ఉంటుంది.

అదే మూడు తరాల కుటుంబం, నాలుగు గదులు, రెండు దేశాల పాస్‌పోర్టులు, మోకాళ్ల నొప్పుల తాతయ్య, విమానం మారి ఓడ అందుకోవాల్సిన ప్రయాణం. అక్కడ అనుభవమున్న ఏజెంటు కావాలి. విమానం ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. ఓడెక్కే ఊరికి ఒకరోజు ముందే చేరమని చెప్పేవాళ్లు, చేరలేకపోతే ఏం చెయ్యాలో తెలిసినవాళ్లు మీ వెనక ఉండాలి.

ఎటూ తేల్చుకోలేని వాళ్లకి ఇంకో మాట. నేరుగా బుక్ చేసిన దాన్ని కొన్ని కంపెనీలు నిర్ణీత గడువులోగా ఏజెంటుకి బదిలీ చేసుకోనిస్తాయి. కానీ ఏజెంటు చేతిలో ఉన్నదాన్ని వెనక్కి తెచ్చుకోవడం అంత తేలిక కాదు. ఆయన ఒప్పుకుని వదలాలి. కాబట్టి అప్పగించేముందే ఆలోచించుకోండి.

శ్రోతలారా, మన ఇళ్లలో ఇలాంటి ప్రయాణం ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో చేస్తాం. తల్లిదండ్రుల్ని తీసుకెళ్లే అవకాశం మళ్లీ వస్తుందో రాదో తెలియదు. రెండు వేలో మూడు వేలో తగ్గిందని తొందరపడొద్దు. డబ్బు కట్టేముందు ఇంట్లో అందరూ కూర్చుని ఈ మాటలు అడగండి. మొత్తం ఖర్చెంత? పూర్తి డబ్బు కట్టే గడువు ఎప్పుడు? ఏదైనా మారితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఆ ఫోన్ ఎత్తుతారా? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పినవాళ్ల దగ్గరే కొనండి. వాళ్లు ఓడ కంపెనీ అయినా సరే, మీ ఊరి ఏజెంటు అయినా సరే.